శ్రీశైలం దోవలో మా చెలక

మా పెద్ద యారాలు పోయిన సోమవారం, పొద్దు పొడవక ముందే కన్ను మూసింది. జ్వరం వచ్చి నాలుగు పూటలు మంచం పట్టింది, అంతే. ఎవరి చేతా చాకిరీ చేయించుకోలేదు. అందులోనూ ఆమెదే పైచేయి. నేను ఎంత కాలం ఈడుస్తానో, ఎన్ని విసుర్లు విని పోతానో తెలియదు.

మరునాడు మన పఠనాలయం గోడకు మీరు అంటించిన సంతాపం చదివాను. "అక్కచెల్లెండ్ల వలె మెలిగిన యారాండ్లు" అని రాశారు. దస్తూరి ముత్యాల్లా ఉంది, విషయం తప్పు. దిద్దుకోండి. ఆమె మా బావగారి భార్య. ఆమెను నేను అక్కా అన్నాను, నన్ను ఆమె చెల్లె అన్నది. పిలుపు వరకే ఆ వరుస. ఒకే పొయ్యి దగ్గర కూర్చుని, పెండ్లి నాటి నుంచి మొన్నటి దాకా నేను ఆమెను చూసి కుళ్లుకున్నాను. ఈ సంగతి ఆమెకూ తెలుసు. నేను ఓరగా చూసినప్పుడల్లా "చెల్లె కండ్లల్ల కారం పడ్డట్టున్నది, జెర ఊదున్రి" అని ఇంట్లో అందరూ వినేట్టు అనేది.

ఆ కాగితంలోనే రెండో ముక్క కూడా ఉంది. "కాలినడకన శ్రీశైలం పోయి, అత్తగారి మొక్కు తీర్చిన పుణ్యాత్మురాలు" అట. పోయింది నిజమే. మొక్కు తీర్చిందా అన్నది వేరే కథ. అది తెలిసిన ముగ్గురిలో ఒకరు నేను, ఒకరు ఆమె, మూడోవాడు మల్లన్న. ఆయన రాయడు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను ఈ ఇంటికి వచ్చిన రోజు మొదట చూసింది ఆమె పాదాలను. తల వంచుకొని కూర్చున్న కొత్త కోడలికి ఇంకేం కనబడుతుంది? చాటల్లాంటి పాదాలు. వేళ్లు విడివిడిగా, నేల ఎవరైనా గుంజుకుంటారేమో అన్నట్టు పట్టుకొని ఉన్నాయి. నావి బడి బల్ల కింద పెరిగిన పాదాలు. మా నాయిన నల్లగొండలో పంతులు. ఆయన పుణ్యమా అని నాకు నాలుగు అక్షరాలు, నాలుగు శ్లోకాలు వచ్చు. ఈ ఇంట్లో వాటిని అడిగినవారు లేరు. "పెద్దదానా, ఎద్దులు తెంపుకున్నయి, చూడు" అనేది మా అత్త. "పెద్దదానా, వాగు వచ్చేటట్టున్నది, చూడు" అనేది. నన్ను మాత్రం "చిన్నదానా, దీపం పెట్టు" అనేది. ఆకాశం, వాగు, ఎద్దులు ఆమెవి. దీపం నాది.

కొన్నేండ్ల కింద, మాకిద్దరికీ మనుమలు పుట్టిన తర్వాతి మాట ఇది. మనుమలు పుట్టినా అత్త ముందు మేము కోడండ్లమే. ఒకనాడు మా మోటబావి గోడ మీద కూర్చుని అత్త మమ్మల్నిద్దరినీ పిలిచింది.

"ఉగాదికి శ్రీశైలం మంది పోతున్నరు. మీ ఇద్దరిల ఒకతి పోవాలె. ఒకతి ఉండి జొన్నల కల్లం చూసుకోవాలె."

"ఎవరు పోవాలె అత్తా?" అన్నాను నేను. అడగడంలో నేనే ముందు.

"నడిచేది."

అత్త వయసులో ఉన్నప్పుడు ఒకసారి నడిచిపోయి, మల్లన్నతో "మల్లొస్త" అని చెప్పి వచ్చిందట. ఆ మాట అన్నాక కానుపులు, కరువులు, చివరికి మోకాళ్లు అడ్డం వచ్చాయి. తన బదులు కోడలు నడవాలి. అది ఆమె మొక్కు.

నాకు అది మొక్కు కాదు. ఈ ఇంటి గడప దాటి, దేవరకొండ దాటి, అచ్చంపేట దాటి, అడవి దాటి, చివరన కృష్ణను చూడటం. నది అనే మాటకు నాకు అన్ని పర్యాయపదాలు వచ్చు. నదిని మాత్రం చూడలేదు. ఆ ఒక్క చోటు నాకు కావాలి. అంతగా దేన్నీ కోరుకున్నట్టు గుర్తు లేదు.

శ్రీశైలం నడిచేవాళ్లకు మా ఇంట్లో ఒక తర్ఫీదు ఉంది. దాన్ని చుట్టు అంటాం. మాఘ పున్నమి నుంచి ప్రయాణం రోజు దాకా పొద్దున్నే మా చెలక, అంటే మా మెట్ట భూమి, హద్దు పట్టుకొని వట్టి కాళ్లతో ఒక చుట్టు తిరిగి రావాలి. నెత్తిన జొన్నల మూట ఉండాలి. తిరిగి వచ్చేదాకా నీళ్లు తాగరాదు. బావి దగ్గర బయలుదేరితే ముందు ఆముదాల చేను, తర్వాత జొన్న, తర్వాత వాగు ఇసుక. ఆ పైన గుట్ట అంచు. అక్కడ నేల లేదు, నాపరాళ్లూ పల్లేరుకాయలే. పంచాంగం ఆ రోజులను శిశిరం అంటుంది. మా గుట్ట మీద మోదుగ ఎర్రగా పూసి, బావి మీది కానుగ లేతాకు వేసిందంటే మాకు వసంతమే. సీతాఫలం పొదలు మాత్రం ఆకు రాల్చుకొని, ఎవరో నా వంటివారు చూసి కుళ్లుకున్నట్టు నిలబడి ఉంటాయి.

నేను ఉరికేదాన్ని. ఆమె నడిచేది. నేను చుట్టు ముగించి చెమటలు కక్కుతూ అత్త ముందు కూలబడేసరికి ఆమె ఇంకా వాగులోనే ఉండేది. గొర్లకాపరితో ఒక మాట, ఈత చెట్టెక్కినాయనతో ఒక మాట, ఎదురొచ్చిన బర్రెతో ఒక మాట. తిరిగి వచ్చేసరికి ఊరి సంగతులన్నీ జొన్నల మూటలోనే వేసుకొని వచ్చేది. అత్త నా వైపు చూసేది కాదు. ఆమె వచ్చే దోవ వైపే చూసేది.

"ఏందే చిన్నదానా, గట్ల ఉరుకుతున్నవ్? మల్లన్న లేచి పోతడా?"

ఒకనాడు అక్కను దెప్పాను. "అక్కా, ఇంత నిమ్మళంగ నడిస్తె ఉగాదికి కాదు, దసరకు చేరుతవు."

"చేరనీ తియ్యి చెల్లె. కాలు యాడికి పోతది? నా తోనే ఉంటది గద" అన్నది.

మరునాడు ఇంకా జోరుగా ఉరికాను.

నడకలో గెలవలేనని తెలిసి నేను శాస్త్రం పట్టుకున్నాను. మా నాయిన దగ్గరి వైద్య గ్రంథంలో పాదాలకు తైలమర్దనం చేస్తే బడలిక తీరుతుందని చదివిన గుర్తు. తైలానికి మాకేం కొదువ? మా వైపు ఆముదం దేనికి వాడరు? దీపానికి, తలకు, పసిపిల్ల పొట్టకు, బండి ఇరుసుకు. ఇరుసును అరగకుండా కాపాడేది అరికాలిని కాపాడదా అని నా తర్కం. రోజూ సాయంత్రం రెండు పాదాలకూ ఆముదం పట్టించి, గుడ్డ చుట్టుకొని పడుకునేదాన్ని. నా తర్కంలో లోపమేమీ లేదు, ఇరుసుకు చర్మం ఉండదన్న ఒక్క సంగతి తప్ప. ఫాల్గుణం వచ్చేసరికి అన్నేండ్లు గట్టిపడ్డ నా అరికాళ్లు పురిటిబిడ్డ బుగ్గల్లా తయారయ్యాయి. హాయిగా ఉందనుకొని మురిసిపోయాను.

అప్పటికి జొన్న కోసేశారు. గట్టు ఒక చోట బండ్లు తిరిగి తెగిపోయింది. ఆ కాస్త దూరం కోసిన మొదళ్ల మీదుగా నడవాలి. నేను ఎప్పటిలా ముందున్నాను. ఒక జొన్న మొదలు నా అరికాల్లోకి దిగింది. సూది పిండిలో దిగినట్టు దిగింది.

నా అరుపు విని ఆమె మొదటిసారి ఉరికింది. ఆమె ఉరకడం నేను చూసింది ఆ ఒక్కసారే. నన్ను కూర్చోబెట్టి, ఆ ముక్క గుంజి, గట్టు మీది నల్లాలం ఆకు నలిపి పసరు పిండింది. అరికాలిని చేత్తో తడిమి ఆగిపోయింది.

"గిదేంది చెల్లె? నీ కాలు గింత మెత్తగున్నది?"

"ఆముదం రాసిన."

"దేనికి?"

"గట్టిపడాలని."

ఆమె ఆ జొన్న చేలోనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. నా కాలు నెత్తురు కారుతుంటే నవ్వింది. నవ్వు అయిపోయాక లేచి, రెండు మూటలూ తన నెత్తినే పెట్టుకొని, నా చెయ్యి తన భుజం మీద వేసుకుంది. ఆమె నాకన్నా జానెడు పొడుగు. ఊతమిచ్చినట్టు లేదు, నన్ను దండెం మీద ఆరేసినట్టుంది. అట్లా వాగు దాటి, గుట్ట అంచున ఒక్క రాయి కూడా తగలకుండా నన్ను బావి దగ్గరికి చేర్చింది. అత్త అంతా చూసింది. ఎవరు నడవగలరో ఇక చెప్పేదేముంది?

అప్పుడు అక్క ఒక మాట అన్నది. "అత్తా, ఈ ఏడు వద్దు. చెల్లె కాలు మానని. మల్లొచ్చే ఏడు ఇద్దరం పోతం."

"మల్లొచ్చే ఏటిదాక నేనుంటనని నీకు మల్లన్న చెప్పిండా?" అన్నది అత్త.

గెలిచినవాళ్లు గెలిచి ఊరుకోవాలి. ఓడినవాళ్ల మీద జాలి చూపడం ఏం న్యాయం? ఆమె ఓర్వలేనిదై ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేది!

ప్రయాణానికి ముందు రోజు అత్త ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను కాలికి కట్టుతో గోడకు ఆనుకొని ఉన్నాను.

"ఆడ అందరినీ ముట్టనిస్తరు. మల్లన్న నెత్తిన చెయ్యి పెట్టి నా పేరు చెప్పు. వచ్చింది, గిట్ల కోడలి కాళ్లతోని వచ్చింది అని చెప్పు. అత్త అని చెప్పకు. పేరు చెప్పు."

ఆ తర్వాత తన పేరు చెప్పింది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమెకు ఒక పేరుందని అప్పుడే తెలిసింది. మా మామ ఆమెను "ఏమే" అని పిలిచి పిలిచే పోయాడు. ఊరికి ఆమె అవ్వ, మాకు అత్త. అత్త పేరు కోడలు నోట పలకరాదు కదా. అక్క ఆ పేరు విని నాలుక కరుచుకొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పలకరానిది విన్నందుకే అంత మర్యాద. నేను మాత్రం విన్న పేరును మనసులో రెండుసార్లు అనుకున్నాను. బడి అలవాటు.

అక్క శ్రీశైలం పోయింది. కల్లంలో నేను కుంటుకుంటూ కూలీలకు జొన్న గటక పెట్టాను. ఉగాది దాటాక తిరిగి వచ్చింది. మొహం మాడి, పెదాలు పగిలి, కండ్లు మాత్రం కడిగినట్టు ఉన్నాయి. అడవిలో ఇప్పపూలు రాలుతుంటే వాసనకు ఆకలి మరిచామన్నది. ఎలుగుబంటి అడుగులు చూశామన్నది. ఇక కృష్ణ.

"చెల్లె, పైనుంచి చూస్తె మన మోటబాయిల నీళ్లు కనవడ్డట్టే ఉన్నది. గంత లోతు. గని బాయికి ఒడ్డు లేదు, గుట్టలే ఒడ్డు. దిగుతాంటె దిగుతాంటె నీళ్లు పెద్దగైతనే ఉన్నయి."

నేను చదివిన ఏ నదీ వర్ణనలోనూ నీళ్లు అట్లా పెద్దగా కాలేదు.

అత్త అడిగింది. "చెప్పినవా?"

"చెప్పిన."

"పేరు చెప్పినవా?"

"చెప్పిన అత్తా."

"ఎట్ల చెప్పినవు? అను, నేనూ ఇంట."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆడ అంటె అన్న గని, నీ ముందట నీ పేరు తీస్తనా? నన్ను గంత సిగ్గులేనిదనుకున్నవా?"

అత్త కండ్లు తుడుచుకుంది. "చూసినవా చిన్నదానా, మర్యాదంటె గది" అని నాకు పాఠం చెప్పింది.

నాలుగు రోజులు గడిచాయి. మధ్యాహ్నం పూట మేమిద్దరం కూర్చుని ఆముదం కాయలు కొడుతున్నాం. అత్త లోపల పడుకుంది.

"చెల్లె."

"ఏంది?"

"అత్త పేరేంది?"

"నువ్వు చెప్పి రాలేదా?"

"చెయ్యి పెట్టిన. రాయి సల్లగ తగిలింది. నోరు తెరిచిన. పేరు రాలే. ఎన్నడన్న అన్న పేరైతే గద వచ్చెటిది. ఎనక నుంచి నూకుతున్నరు. 'మా అత్త, మా అత్త' అన్న. అయ్యగారు 'నడువమ్మా' అన్నడు. బయట పడ్డ."

"మా అత్త అంటె ఆయనకు ఏ అత్తని తెలుస్తది అక్కా?"

"గదే నా ఫికరు. అందరి అత్తలు ఆయన కాడికే వస్తరు గద."

మాఘం నుంచి కాళ్లకు తర్ఫీదు ఇచ్చింది. నాలుకకు ఇవ్వడం మరిచింది. మర్యాదకు పోయి ఒక్కనాడు కూడా ఆ పేరు పలికి చూసుకోలేదు. నవ్వు రావాల్సింది, వచ్చింది కూడా. అయితే దాని వెంటే ఇంకొక మంట. పేరు నా దగ్గర ఉంది, కాళ్లు ఆమె దగ్గర ఉన్నాయి. ఇద్దరం పోయి ఉంటే ఆ ముసలామె మొక్కు తీరేది.

పేరు చెప్పాను. "జెర మెల్లగ, అత్త ఇంటది" అని వెనక్కి చూసింది. ఆ పూటే నేను, "మరి నీ పేరేంది అక్కా?" అని అడిగాను. అన్నేండ్లు ఒక పొయ్యి మీద వండుకొని అడగలేదు. ఆమె సిగ్గుపడి చెప్పింది. నాది అడిగింది. కొత్త కోడండ్ల లాగా ఆముదం కాయల మధ్య పేర్లు చెప్పుకున్నాం.

మరుసటేడు అత్త పోయింది, తన మాట అందిందన్న నమ్మకంతో. ఆ మాఘం నుంచి అక్క మళ్లీ చుట్టు మొదలు పెట్టింది. ఈసారి గుట్ట మూల మీద, ఎవరూ వినని చోట ఆగి, అత్త పేరు పైకి అనేది. నాలుకకు తర్ఫీదు. ప్రతి ఏడూ బయలుదేరే నాటికి ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒక ఏడు బావి ఎండింది. ఒక ఏడు సర్కారు లెవీ కింద గల్లా, అంటే ఇంట్లో ఉన్న ధాన్యమంతా, తోలుకపోతే ఇల్లు వదలడానికి లేకపోయింది. ఒక ఏడు బావగారు మంచం పట్టారు. అయినా వసంతం రాగానే ఆమె నెత్తిన మూట, చేతిలో అడుగున ఇనుప తొడుగున్న పొన్నుకట్టె. నేను అటక మీది గింజలు దించుతూ, కిటికీలోంచి ఆమె ఎర్ర కొంగు హద్దు పొడుగునా కదలడం చూసేదాన్ని. నన్నెవరూ రమ్మనలేదా అంటారా? ఆమె రోజూ రమ్మన్నది. ఆమె వెనక నడిచే ఉద్దేశం నాకు లేదు.

ఒకసారి భూమి లెక్కలు చూసే గిర్దావరు గుర్రం మీద మా చేనుకు అడ్డం పడి వచ్చాడు. "ఏయ్ బుడ్డీ, ముసలమ్మా, ఈ జాగా ఎవరిది?" అన్నాడు.

"జాగా సంగతి తర్వాత. ముందు గుర్రం దిగు. ఆముదాలల్ల నడుస్తాంది" అన్నది మా అక్క.

ఏమనుకున్నాడో, దిగాడు. "ఇంత పొద్దున మూట పెట్టుకొని ఎక్కడికి?"

"శ్రీశైలం."

"శ్రీశైలం అటు కదా!" అని ఆయన దక్షిణం చూపించాడు.

"ఎరుకే. ముందు మా చెలక దాటాలె గద" అని నడిచిపోయింది.

ఊరంతా ఈ మాట చెప్పుకొని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట నాకెందుకు తట్టలేదా అని ఇప్పటికీ ఉడుకుతాను.

పోయిన వారం కూడా ఆమె చుట్టు తిరిగి వచ్చింది. మరునాటికి ఒళ్లు కాలింది. ఆదివారం సాయంత్రం నేను నీళ్లు తాగిస్తుంటే కండ్లు తెరిచింది.

"చెల్లె, నీ కాలు మానింది గద?"

"అది మాని ఎన్నేండ్లో అయింది."

"అయితె పో."

"సరే."

రెండు గుక్కలు తాగి, "ఆముదం రాయకు" అన్నది. నాతో ఆమె చెప్పిన చివరి మాట అది. మహానుభావుల చివరి మాటలు చాలా చదివాను. ఇంత పనికొచ్చేది ఒక్కటీ లేదు.

నేను పోతున్నాను. దోవలు బాగలేవని, అడవిలో ఎవరెవరో తిరుగుతున్నారని మీలో కొందరు భయపెడుతున్నారు. నన్ను ఎవరన్నా ఎత్తుకపోయినా నా నోరు భరించలేక మన్ననూరు రాకముందే దించిపోతారు. కృష్ణను చూస్తాను. నీళ్లు నిజంగా పెద్దగా అవుతాయో లేదో చూస్తాను. మల్లన్న నెత్తిన చెయ్యి పెట్టి రెండు పేర్లు చెప్తాను. ఇక్కడ రాయలేదేమని అడగకండి. అవి అక్కడ చెప్పే పేర్లు. ఇక నా పేరు ఎవరు చెప్తారో నాకు తెలియదు. ఆమెకు నేనున్నాను. ఈ కుళ్లు మాత్రం నాతోనే పోతుంది.

ఇక చిన్న పని. రేపు దేవరకొండ అంగడికి పోయేవారెవరైనా మా ఇంటి మీదుగా పోండి. తలుపు మూలన ఆమె పొన్నుకట్టె ఉంది. నాకు నాలుగు వేళ్లు పొడుగు. వడ్రంగం చేసే వడ్లాయనకు ఇచ్చి కోయించి తెండి. పై కొన కొయ్యమనండి. అడుగు ముట్టవద్దని గట్టిగా చెప్పండి. ఇనుప పొన్ను కుడి పక్కకు అరిగి ఉంటుంది, అది మా గుట్ట అంచున అరిగిన అరుగుదల, దాన్ని అట్లాగే ఉంచాలి. పోతూ వస్తూ కట్టెను నేల మీద ఆనించి నడవకండి. చంకలో పెట్టుకొని పోండి. దానికి మీ నడక అలవాటు లేదు.